‘సైక్లోన్’ పుట్టుక: కలకత్తా, కోరంగి, విద్యాధరి

భూగోళశాస్త్రంలో మనం వాడే మాటల్లో చాలావాటికి పుట్టిన ఊరు, పుట్టిన ఏడు చెప్పలేం. ‘సైక్లోన్’ సంగతి అలా కాదు. దానికి ఒక కర్త ఉన్నాడు, ఒక ఊరు ఉంది, అచ్చయిన సంవత్సరం ఉంది. కర్త హెన్రీ పిడింగ్టన్. ఊరు కలకత్తా. సంవత్సరం 1848. ఆ మాట వెనుక తెలుగు తీరపు కోరంగి రేవు కూడా ఉందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనబడదు. కలకత్తాకు తూర్పు అంచున ఇవాళ అద్దాల మేడలతో నిలబడి ఉన్న న్యూ టౌన్‌కు కూడా ఆ కథతో సంబంధం ఉంది. ఆ నేల ఒకప్పుడు విద్యాధరి నది ఆటుపోట్లు ఆడుకున్న పల్లం. విద్యాధరి దక్షిణాన క్యానింగ్ దగ్గర మాతలా నదిలో కలిసేది. ఆ మాతలా ముఖంలో ఏం జరగబోతుందో పిడింగ్టన్ 1853లోనే అచ్చువేసి చెప్పాడు.

అంతకుముందు సముద్రపు పెనుగాలికి పేర్లు లేక కాదు, ఒక్కో సముద్రానికి ఒక్కో పేరు ఉండేది. కరీబియన్ దీవుల ఆదివాసుల మాట ‘హరికేన్’ అయింది. చైనా సముద్రంలో ‘టైఫూన్’ అన్నారు. అరబ్బీ ‘తూఫాన్’ పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చి మనకు తుఫాను అయింది. ఖురాన్‌లో ఆ మాట నోవహు కాలపు జలప్రళయానికి వాడినది. అంటే మనం గాలికి వాడుకుంటున్న ఆ మాటకు మూలంలో అర్థం నీరు. మన సొంత మాట ‘గాలివాన’ గాలినీ వాననూ జంటగా పట్టుకుంది. ఈ మాటలన్నీ విపత్తును చూసినవాడి మాటలు. ఏం జరిగిందో చెబుతాయి కానీ గాలి ఏ దారిన నడిచిందో చెప్పవు.

ఆ దారిని మొదట నేలకొరిగిన చెట్లలో చదివినవాడు అమెరికాకు చెందిన విలియం రెడ్‌ఫీల్డ్. 1821 సెప్టెంబరులో కనెక్టికట్ రాష్ట్రం మీదుగా ఒక పెనుగాలి పోయింది. ఆ తర్వాత ఆ దారిలో ప్రయాణించిన రెడ్‌ఫీల్డ్‌కు ఒకచోట చెట్లన్నీ ఒక దిక్కుకు, మరికొంత దూరం పోయాక సరిగ్గా ఎదురు దిక్కుకు పడి కనబడ్డాయి. గాలి పెద్ద సుడిలా తిరుగుతూ ముందుకు కదిలిందని ఆయన తేల్చి, 1831లో వ్యాసం ప్రకటించాడు. సమకాలిక వాతావరణ పరిశోధకుడు జేమ్స్ ఎస్పీ ఒప్పుకోలేదు. గాలి చుట్టూ తిరగదనీ, అన్ని వైపుల నుంచీ నడిమికి తిన్నగా దూసుకొస్తుందనీ ఆయన వాదం. ఈ ఇద్దరి తగువు ఏళ్ల తరబడి నడిచింది. 1831 పెనుగాలికి పాడైన బార్బడోస్ దీవిలో పనిచేసిన ఇంజనీరు విలియం రీడ్, ఓడల దినచర్య పుస్తకాలు పోగుచేసి, రెడ్‌ఫీల్డ్ పక్షాన 1838లో ఒక గ్రంథం వెలువరించాడు. ఆ గ్రంథం కలకత్తా చేరి పిడింగ్టన్ చేతిలో పడింది.

పిడింగ్టన్ కొలువులో ఉన్న శాస్త్రవేత్త కాదు, ఓడ నడిపినవాడు. 1797లో ఇంగ్లండులో పుట్టి, తూర్పు సముద్రాల్లో వర్తకపు ఓడలకు కెప్టెన్‌గా తిరిగి, 1830 ప్రాంతంలో బెంగాల్‌లో స్థిరపడ్డాడు. ఏషియాటిక్ సొసైటీలో పనిచేశాడు. ఖనిజాల నమూనాలు భద్రపరిచే ఆర్థిక భూగర్భ సంగ్రహాలయానికి సంరక్షకుడయ్యాడు. ఓడలు మునిగినప్పుడు విచారణ జరిపే నౌకా న్యాయస్థానానికి అధ్యక్షుడిగానూ ఉన్నాడు. ఈ చివరి పదవే ఆయన చేత ఆ మాటను పుట్టించిందని నా నమ్మకం. ఆయన ముందుకు వచ్చే ప్రతి కాగితం వెనుక చచ్చిపోయిన మనుషులు ఉండేవారు. ఏ గంటకు గాలి ఎటు నుంచి వీచింది, భారమితి ఎంతకు దిగింది, కెప్టెన్ ఓడను ఎటు తిప్పాడు, తిప్పకుండా ఉంటే బతికేవారా అన్న ప్రశ్నలతోనే ఆయన రోజులు గడిచాయి.

1839 నుంచి ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆయన వరుసగా పరిశోధన పత్రాలు రాశాడు. మొదటిది ఆ ఏడు జూన్ 3, 4, 5 తేదీల్లో బంగాళాఖాతంలో రేగిన గాలి గురించి. పద్ధతి సాదాసీదాది, చాకిరీ మాత్రం ఘనమైనది. ఆ రోజుల్లో సముద్రం మీద ఉన్న ఓడలన్నిటి దినచర్య పుస్తకాలూ తెప్పించడం, రేవుల్లోని అధికారులు రాసిపెట్టుకున్నది అడిగి తీసుకోవడం, ఒక్కో ఓడ ఉన్న చోటును పటంలో గుర్తించి అక్కడి గాలికి ఒక బాణం గీయడం. బాణాలన్నీ గీసి చూస్తే అవి ఒక నడిమి చుట్టూ ఎడమవైపుగా, గడియారం ముళ్లకు ఎదురుగా తిరిగేవి. మర్నాటి బాణాలు గీస్తే ఆ నడిమి చాలా దూరం జరిగి ఉండేది. టెలిగ్రాఫు ఇంకా లేని రోజులవి. గాలి పోయిన నెలలకు గానీ కాగితాలు చేరేవి కావు.

రెండో పరిశోధనకు ఆయన ఎంచుకున్నది మన కోరంగి. 1839 నవంబరులో గోదావరి ముఖాన ఉన్న ఆ రేవును గాలీ నీరూ కలిసి ముంచాయి. ఆనాటి కోరంగిని ఇవాళ్టి పల్లెను చూసి ఊహించలేం. తూర్పు తీరంలో పెద్ద ఓడలు మరమ్మతుకు వచ్చే చోటు అది. ఓడలు కట్టే కమ్మరులు, వడ్రంగులు, సరంగులు ఉన్న ఊరు. బర్మాకు వలసపోయిన తెలుగువారందరినీ అక్కడివాళ్లు ‘కోరంగీలు’ అనే పిలిచారంటే, ఆ రేవు పేరు సముద్రం అవతల ఎంత దూరం వినబడిందో తెలుస్తుంది. 1839 ఉప్పెనలో 3 లక్షల మంది పోయారనీ, 20,000 ఓడలు నాశనమయ్యాయనీ ఒక లెక్క ఇవాళ ఎక్కడబడితే అక్కడ కనిపిస్తుంది. దాన్ని నమ్మడం కష్టం. 1841 ప్రాంతంలో రాజమండ్రి జిల్లా మొత్తం జనాభాయే 6 లక్షలకు లోపు. అందులో సగం మంది ఒక్క రాత్రిలో పోయి ఉంటే రెవెన్యూ దస్తావేజుల్లో అంతకంటే పెద్ద అలజడి మిగిలేది. ఓడల లెక్క గురించి చెప్పనక్కర్లేదు. అంకెను ఇలా పెంచి చెప్పుకోవడం వల్ల అసలు పోయినవాళ్లకు మేలు జరగలేదు, చరిత్ర మాత్రం కథలా తోచడం మొదలైంది.

కోరంగికి అది మొదటి దెబ్బ కాదు. 1787 మే నెలలో అక్కడ ఉప్పెన వచ్చిన సంగతి ఆనాటి ఉత్తరాల్లోనే ఉంది. 1789 డిసెంబరు నాటిదిగా మరో కథనం పిడింగ్టన్ పుస్తకంలో చేరింది. మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. మొదటిది ఊళ్లోకి కొన్ని అడుగుల నీరు తెచ్చింది. తర్వాతి రెండూ ఊరిని ముంచి, తుడిచిపెట్టాయి. 20,000 మంది పోయారని ఆ కథనం చెబుతుంది. పిడింగ్టన్ కళ్లారా చూసినది కాదు, అర్ధశతాబ్దం తర్వాత ఎత్తి రాసుకున్నది. అయినా ఆయన ఆలోచనలో అది కీలకమైన చోట నిలిచింది. గాలి ఓడను ముంచుతుందని నావికులందరికీ తెలుసు. ఊళ్లకు ఊళ్లను చంపేది గాలి వెంట వచ్చే నీరని కోరంగి ఆయనకు చూపించింది. ఆయన దానికి ‘తుఫాను అల’ అనే అర్థంలో రెండు మాటలు కలిపి వాడుకోవలసి వచ్చింది. తెలుగువాళ్లకు ఆ అవసరం లేదు. ‘ఉప్పెన’ అన్న ఒక్క మాట ఉంది. నది పొంగితే వరద, చెరువు తెగితే గండి, సముద్రం లేచి ఊరి మీదికి వస్తే ఉప్పెన. ఇంత నికరమైన మాట ఒక భాషలో ఊరికే నిలవదు. తీరంలో బతికినవాళ్లు దాన్ని పదేపదే చూసి ఉండాలి.

1844లో పిడింగ్టన్ భారత, చైనా సముద్రాల నావికుల కోసం ఒక చిన్న పుస్తకం వేశాడు. 1848లో దాన్నే విస్తరించి ‘ద సెయిలర్స్ హార్న్‌బుక్ ఫర్ ద లా ఆఫ్ స్టార్మ్స్’ అని వెలువరించాడు. ఇంగ్లండులో పిల్లల చేతికి ఇచ్చే అక్షరాల పలకను హార్న్‌బుక్ అనేవారు. పలక పాడవకుండా దాని మీద పల్చటి కొమ్ము రేకు అతికేవారు. పిడింగ్టన్ పేరునే కాక వస్తువును కూడా తీసుకున్నాడు. పుస్తకంతో పాటు వలయాలు, గాలి బాణాలు గీసిన పారదర్శకమైన రేకులు రెండు ఇచ్చాడు. ఒకటి భూమధ్యరేఖకు ఉత్తరాన తిరిగే ఓడలకు, రెండోది దక్షిణాన తిరిగేవాటికి. కెప్టెన్ ఆ రేకును తన పటం మీద పెట్టి, తనకు వీస్తున్న గాలికీ రేకు మీది బాణానికీ పొందిక కుదిరేదాకా జరిపితే చాలు, తుఫాను నడిమి ఏ దిక్కున ఉందో తెలుస్తుంది. చదువు అంతగా లేని సరంగుకు కూడా అందే పనిముట్టు అది. పుస్తకంలోని వాదాలన్నీ మరిచిపోయినా ఈ రేకుల కోసమైనా ఆయనను గౌరవించాలి.

ఆ పుస్తకంలోనే కొత్త మాట ఉంది. అన్ని సముద్రాల్లోని ఈ జాతి గాలులకూ కలిపి ఒకే పేరు కావాలని ఆయన అన్నాడు. హరికేన్ అంటే గాలి బలం గుర్తొస్తుంది, టైఫూన్ అంటే చైనా గుర్తొస్తుంది. గాలి ఎంత బలంగా ఉన్నా లేకున్నా, అది వంపు తిరిగి వీస్తోందా లేదా అన్నదే ఓడను కాపాడే ప్రశ్న. గ్రీకు భాషలో ‘కుక్లోమా’ అన్న మాటను తీసుకున్నాడు. దానికున్న అర్థాల్లో పాము చుట్ట ఒకటి. అందులో నుంచి ‘సైక్లోన్’ చేశాడు. గ్రీకు ‘కుక్లోస్’, సంస్కృత ‘చక్రం’ ఒకే మూలం నుంచి చీలినవని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. కనుక హిందీలో ‘చక్రవాత్’ అన్నప్పుడు తెలియకుండానే అదే కుటుంబంలోని మాటను ఎంచుకున్నారు.

ఆయన వలయం అనకుండా చుట్ట అనడంలో పెద్ద జాగ్రత్త ఉంది. గాలి పూర్తిగా గుండ్రంగా తిరుగుతుందని తాను రుజువు చేయలేనని ఆయనకు తెలుసు. అందుకే గుండ్రటి కదలిక వైపు మొగ్గు ఉందని మాత్రమే చెప్పే మాటను ఎంచుకున్నాడు. ఈ జాగ్రత్త వల్లనే రెడ్‌ఫీల్డ్, ఎస్పీల తగువు తేలిన తర్వాత కూడా మాట నిలిచింది. చివరికి తేలిందేమంటే ఇద్దరిదీ సగం సగం నిజమే. గాలి చుట్టూ తిరుగుతూనే లోపలికి జారుతుంది. ఉపగ్రహం తీసిన ఏ తుఫాను చిత్రాన్ని చూసినా కనబడేది చుట్టే. ‘చార్లెస్ హెడిల్’ అనే ఓడ కథ కూడా పిడింగ్టన్‌కు బలమైన ఆధారం. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర అది గాలికి వీపిచ్చి పరుగెత్తింది. రోజుల తరబడి పరుగెత్తినా తుఫాను నడిమి చుట్టూ మళ్లీ మళ్లీ తిరిగిందే తప్ప బయటపడలేదు. దాని దినచర్య పుస్తకంలోని గాలి దిక్కులు దిక్సూచి అంతా చుట్టివచ్చాయి. ఆ కెప్టెన్ దగ్గర కొమ్ము రేకు ఉండి ఉంటే అలా తిరిగేవాడు కాదు.

1853లో పిడింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఒక బహిరంగ లేఖ అచ్చువేశాడు. హుగ్లీలో ఒండ్రు మేట వేస్తోంది, కలకత్తా రేవు ఎన్నాళ్లో నిలవదు అన్న భయంతో, దానికి బదులుగా మాతలా నది మీద కొత్త రేవు కట్టాలని అప్పుడు ప్రభుత్వం ఆలోచిస్తోంది. సుందరవనాల అడవి నరికి, సముద్రానికి అంత దగ్గరలో, అంత పల్లంలో ఊరు కట్టవద్దని ఆయన వేడుకున్నాడు. పెనుగాలి మధ్యలో ఉప్పునీరు ఒక్కసారిగా లేచి ఊరంతా 5 నుంచి 15 అడుగుల లోతున మునిగే రోజు వస్తుందని స్పష్టంగా రాశాడు. ఆ మాటలకు ఆధారం బంగాళాఖాతపు ఆకారం, దాని తలభాగంలో లోతు లేకపోవడం, తాను ఒక్కొక్కటిగా పోగుచేసిన కోరంగి లాంటి దృష్టాంతాలు. ఆ సలహాను పట్టించుకోలేదు. 1858లో ఆయన చనిపోయాడు. మాతలా ఒడ్డున పోర్ట్ క్యానింగ్ లేచింది. 1862, 63లలో కలకత్తా నుంచి అక్కడికి రైలు కూడా పడింది.

1864 బెంగాల్, తెలుగు తీరాలు రెండింటికీ చెడ్డ సంవత్సరం. అక్టోబరు 5న తుఫాను హుగ్లీ మీదుగా ఎక్కి కలకత్తా రేవులోని ఓడలను ఒకదాని మీద ఒకటి కుప్ప పోసింది. దిగువ ఊళ్లలో ఉప్పెనకు పోయినవారు 50,000 పైమాటేనని అంచనాలు. నెల తిరగకముందే నవంబరు 1న మచిలీపట్నం మునిగింది. అక్కడ పోయినవారు 30,000 మంది. కలకత్తా దుర్ఘటన మీద గాస్ట్రెల్, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ ఇద్దరూ కలిసి నివేదిక రాశారు. 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి. దేశంలో ఇలాంటి ఏర్పాటు ఇదే మొదటిది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినప్పుడు దాని తొలి అధిపతి బ్లాన్‌ఫర్డే. హెచ్చరికలు మొదలయ్యాక రెండేళ్లకు, 1867 నవంబరు మొదటి రోజుల్లో, తుఫాను వచ్చి పోర్ట్ క్యానింగ్ మీద సుమారు 6 అడుగుల నీటిని పంపింది. జెట్టీలూ స్టేషనూ దెబ్బతిన్నాయి. కొన్నేళ్లకే ఆ రేవును వదిలేశారు. పిడింగ్టన్ అంచనాలో కింది గీత 5 అడుగులు.

మాట మాత్రం తన దారిన తాను ప్రపంచమంతా తిరిగింది. ఫ్రాన్సిస్ గాల్టన్ 1863లో దానికి ఎదురు అర్థంలో ‘యాంటీసైక్లోన్’ చేశాడు. అమెరికా పల్లెల్లో సుడిగాలి స్తంభాన్ని కూడా సైక్లోన్ అన్నారు. 1900లో వచ్చిన ‘విజార్డ్ ఆఫ్ ఆజ్’ కథలో కాన్సస్ ఇంటిని ఎత్తుకుపోయేది అలాంటిదే. మన దేశంలో శాస్త్రపు కట్టుబాటు ప్రకారం గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే దానికి ఆ పేరు, ఆ తర్వాతే సొంత పేరు పెడతారు. బలంతో పని లేకుండా ఆకారాన్ని బట్టి పిలవాలని పిడింగ్టన్ చేసిన మాట, చివరికి బలాన్ని కొలిచే మెట్లలో ఒకటైంది. తెలుగు రేడియో, పత్రికలు ఆ మెట్లకు తమ మాటలు తామే కూర్చుకున్నాయి. అల్పపీడనం బలపడి వాయుగుండం, వాయుగుండం బలపడి తుఫాను. ‘వాయుగుండం’ చేసినవారెవరో గానీ సుడిగుండాన్ని మనసులో ఉంచుకుని చేశారనిపిస్తుంది. నీటి సుడిని తెలిసిన జనానికి గాలి సుడిని చెప్పడానికి అంతకంటే తిన్నని మాట లేదు, ‘సైక్లోన్’లోని చుట్ట మళ్లీ తెలుగులో దొరికింది కూడా. బెంగాలీలో ‘ఘూర్ణిఝడ్’ అంటారు, తిరిగే గాలివాన అని.

ఈ మాటలన్నీ గాలివే. డల్హౌసీకి రాసిన లేఖలో పిడింగ్టన్ మాట్లాడినది నీటి గురించి. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 10,000 మందిని పొట్టన పెట్టుకున్నదీ నీరే. అందుకే అక్కడి మనుషులు ఆ రోజును ఇప్పటికీ ఎక్కువగా దివిసీమ ఉప్పెన అనే అంటారు.

న్యూ టౌన్ ఉన్న నేలలో నీటి చరిత్ర వేరే తీరున నడిచింది. కలకత్తా మురుగు మోసే దారిగా పందొమ్మిదో శతాబ్దంలో విద్యాధరిని వాడుకున్నారు. ఎగువ నీరు తగ్గి, గట్లు కట్టి ఆటుపోట్లకు పరచుకునే చోటు మూసేయడంతో నది పూడిపోయింది. 1928లో అది చచ్చిన నది అని నీటిపారుదల శాఖ ప్రకటించింది. నది చుట్టూ ఉన్న ఉప్పునీటి సరస్సులు మురుగునీటి చేపల చెరువులయ్యాయి, స్థానికులు వాటిని భేరీలంటారు. 1962లో ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ ప్రభుత్వం యుగోస్లావియా సంస్థ చేత హుగ్లీ ఇసుకను గొట్టాల గుండా తెప్పించి ఉత్తరపు సరస్సులను పూడ్పించింది. అదే సాల్ట్ లేక్. 1999లో రాష్ట్ర ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ హిడ్కో ఏర్పడి, రాజార్హాట్ వరి పొలాలు, చెరువుల మీద న్యూ టౌన్‌ను లేపింది. సాఫ్ట్‌వేరు కొలువుల కోసం విశాఖ, హైదరాబాదుల నుంచి వచ్చిన తెలుగువాళ్లు కూడా ఇవాళ అక్కడ కాపురముంటున్నారు. దక్షిణాన మిగిలిన 12,500 హెక్టార్ల చిత్తడి నేలకు 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది.

2020 మే 20 సాయంత్రం అంఫాన్ తుఫాను సుందరవనాల మీదుగా తీరం దాటి ఈ దారినే వచ్చింది. న్యూ టౌన్ పక్కనే ఉన్న డమ్‌డమ్‌లో గాలి గంటకు 130 కిలోమీటర్ల ప్రాంతంలో వీచింది. విమానాశ్రయంలో నీరు నిలిచింది, వేల చెట్లు కూలాయి. రాష్ట్రంలో 80 మందికి పైగా చనిపోయారు. ఉప్పెన వేగాన్ని సుందరవనాల మడ అడవి చాలావరకు మింగింది. తీరం అడవిని నరకవద్దని పిడింగ్టన్ చెప్పినదీ దీని కోసమే. 1864తో పోలిస్తే ఈ మృతుల లెక్క ఎంతో చిన్నది. దానికి ముఖ్య కారణం ముందస్తు హెచ్చరిక, లక్షల మందిని తరలించడం. ఆ హెచ్చరికల వరుస మొదలైనది కలకత్తా రేవులోనే.

న్యూ టౌన్ వాననీరు ఇప్పుడు బాగ్‌జోలా కాలువ మీదుగా తూర్పున కుల్టీ నదికి పోవాలి. చచ్చిన విద్యాధరికి బదులు కలకత్తా తవ్వుకున్న దారుల గమ్యం కూడా ఆ కుల్టీయే. అక్కడ తలుపులు పాటు సమయంలో తెరుస్తారు, పోటు వచ్చినప్పుడు మూస్తారు. తుఫాను పోటుతో కలిసి వస్తే సముద్రం తగ్గేదాకా ఊరి నీరు ఊళ్లోనే ఉండాలి.